బురద దారికి టైర్లు: సాలూరు, అరకు కొండల్లో క్యాంపర్ వ్యాన్

బురద టైరు అంటే, నానిన మట్టి మీద చక్రం ఉత్తినే తిరిగిపోకుండా నేలను పట్టుకుని బండిని ముందుకు నెట్టేలా, లోతైన గాళ్ళతో, ఎడమెడంగా అమర్చిన రబ్బరు దిమ్మెలతో తయారైన టైరు. జీపుకో ట్రాక్టరుకో ఇలాంటి టైరు ఎంచుకోవడం పాత సంగతే. మంచం, వంటగట్టు, నీళ్ళ ట్యాంకు, బ్యాటరీలు మోసుకుతిరిగే క్యాంపర్ వ్యాన్‌కు ఎంచుకోవడం వేరే లెక్క. ఆ బండి ఎప్పుడూ నిండు బరువుతో ఉంటుంది. ఎత్తుగా ఉంటుంది. నూటికి తొంభై పాళ్ళు తారు రోడ్డు మీదే నడుస్తుంది. బురద తగిలేది చివరి కిలోమీటరులోనే, ఇరుక్కుపోయేదీ అక్కడే. పార్వతీపురం మన్యం జిల్లా సాలూరు నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా అరకులోయ దాకా పరుచుకున్న తూర్పు కనుమల్లో ఈ ఎంపికకు స్థానికమైన కారణాలు చాలా ఉన్నాయి. వేరే నేల కోసం రాసిన సలహాలు ఇక్కడ చాలాసార్లు తప్పుతాయి.

సాలూరు, కొండదారులు

సాలూరు వేగవతి ఒడ్డున, కొండల పాదాల దగ్గర ఉంది. విజయనగరం నుంచి రాయపూర్ వెళ్ళే పాత 43వ నంబరు జాతీయ రహదారి (ఈ భాగానికి ఇప్పుడు 26వ నంబరు) ఈ పట్టణం దాటగానే పాచిపెంట మండలంలో ఘాట్ ఎక్కి, ఒడిశాలోని సుంకి, పొట్టంగి మీదుగా కొరాపుట్ చేరుతుంది. విశాఖ రేవుకూ ఛత్తీస్‌గఢ్‌కూ మధ్య సరుకు ఈ దారినే నడవడంతో సాలూరు లారీల ఊరైంది. లారీ యజమానులు, డ్రైవర్లు, క్లీనర్లు, బాడీ కట్టే షెడ్లు, టైర్ల దుకాణాలు, పంక్చర్ షాపులు ఇక్కడి బతుకుతెరువులో పెద్ద భాగం. టైరు గురించి తెలుసుకోవాలంటే ఉత్తరాంధ్రలో ఇంతకంటే మంచి ఊరు దొరకడం కష్టం.

లారీవాళ్ళకు తెలిసిన మొదటి సంగతి, ముందు టైరు పని వేరు, వెనక టైరు పని వేరు అన్నది. ముందు ఇరుసుకు నిలువు గీతల రిబ్ టైరు వేస్తారు. అది స్టీరింగు తిప్పిన వైపుకు తప్పకుండా తిరుగుతుంది. వెనక ఇరుసుకు అడ్డ దిమ్మెల లగ్ టైరు వేస్తారు. అది తోస్తుంది. నేలను తోసే పనికి అడ్డంగా నిలబడే అంచులు కావాలి, పక్కకు జారకుండా ఆపే పనికి నిలువు అంచులు కావాలి. బురద టైరు రూపకల్పన అంతా ఈ రెండింటి మధ్య రాజీయే.

తారు దారి వదిలి లోపలికి వెళితే కథ జీపులది. రెండో ప్రపంచ యుద్ధంలో విల్లీస్ జీపుకు 6.00-16 కొలతలో, ముందుకూ వెనక్కూ ఒకేలా పట్టే దిమ్మెలున్న సన్నటి టైరు వేశారు. మహీంద్రా కంపెనీ 1947లో విల్లీస్ జీపులను మన దేశంలో బిగించడం మొదలుపెట్టాక ఆ సన్నటి చక్రమే ఇక్కడి కొండలెక్కింది. ఆ తర్వాత వచ్చిన కమాండర్ జీపులు, ట్రెక్కర్లు ఏజెన్సీ సంతలకు జనాన్ని, పసుపును, చింతపండును, పిప్పళ్ళను మోశాయి. ఖరీదైన టైర్లేమీ లేకుండా, సగం అరిగిన నైలాన్ టైర్లతో, పైన టాపు మీద కూడా మనుషుల్ని ఎక్కించుకుని ఆ బండ్లు గెడ్డలు (కొండ వాగులు) దాటేవి. భద్రత మాట ఎలా ఉన్నా, పట్టు విషయంలో అవి చెప్పే పాఠం విలువైనది. సన్నటి చక్రం, మంచి బరువు, నిదానమైన వేగం: ఈ కొండల మట్టి మీద ఈ మూడూ కలిస్తే పని జరుగుతుంది.

జీపు కూడా వెళ్ళని చోట డోలీ వెళుతుంది. కర్రకు దుప్పటి కట్టి గర్భిణులను, రోగులను మోసుకురావడం సవర, జాతాపు, కొండదొర, గదబ, కోదు పల్లెల్లో ఇప్పటికీ ఆగలేదు. ఇక్కడ బురదలో బండికి పట్టు దొరకడం విహారయాత్రకు సంబంధించిన ముచ్చట మాత్రమే కాదు. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000 డిసెంబరు 25న మొదలైంది. ఆదిమ గిరిజన తెగల పల్లెల కోసం 2023 నవంబరులో పీఎం-జన్‌మన్ వచ్చింది. 2025 ఏప్రిల్‌లో డుంబ్రిగుడ మండలం పెదపాడులో రాష్ట్ర ప్రభుత్వం ‘అడవి తల్లి బాట’కు శంకుస్థాపన చేసింది. రోడ్లు వస్తున్నాయి. అవి పూర్తయ్యేదాకా అంబులెన్సుకూ రేషన్ బండికీ పర్యాటకుడి వ్యాన్‌కూ దారి ఒకటే. పర్యాటకుడు గాడి చేసి చెడగొట్టిన దారిలోనే మర్నాడు అంబులెన్సు రావాలి. టైరు ఎంపికలో ఈ బాధ్యత కూడా ఉంది.

ఈ కొండల బురద

తూర్పు కనుమల ఈ భాగంలో ప్రధానమైన రాయి ఖోండలైట్. కోదు జనుల ఆంగ్ల పేరు మీదుగానే భూగర్భ శాస్త్రజ్ఞులు దానికి ఆ పేరు పెట్టారు. గార్నెట్, సిలిమనైట్, క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ కలిసిన ఈ రాయి వానకూ ఎండకూ కుళ్ళినప్పుడు ఫెల్డ్‌స్పార్ కయోలిన్ అనే తెల్ల బంకమట్టిగా మారుతుంది. గార్నెట్‌లోని ఇనుము తుప్పుపట్టి ఆ మట్టికి ఎరుపు రంగునిస్తుంది. క్వార్ట్జ్ మాత్రం కరగదు, పదునైన పలుకులుగా మిగులుతుంది. గాలికొండ, రక్తకొండ వంటి ఎత్తుల మీద ఇదే ప్రక్రియ ఇంకా ముదిరి బాక్సైట్ టోపీలు ఏర్పడ్డాయి.

టైరు కోణంలో దీని అర్థం ఏమిటంటే, కొండ వాలులో వేసిన మట్టి రోడ్డుకు అడుగున గట్టి గ్రావెల్ నేల ఉంటుంది, పైన వేలెడు మందాన ఎర్రటి జారుడు పొర ఉంటుంది. వాన పడ్డాక ఆ పొర మీద కాలు పెట్టినా జారుతుంది. కానీ దాన్ని చీల్చుకుని కిందికి దిగితే గట్టి పట్టు ఉంది. నల్లరేగడి బురద సంగతి ఇందుకు పూర్తిగా వేరు. ఆ మట్టిలోని బంక నీళ్ళు తాగి ఉబ్బుతుంది, టైరు చుట్టూ పొరలు పొరలుగా అంటుకుని మడ్‌గార్డుల దాకా నిండిపోతుంది. కయోలిన్ అంతగా ఉబ్బదు, అంటుకోవడం కంటే జారడం దాని గుణం. నంద్యాల రేగడిలోనో ఆదిలాబాదు పత్తి చేలలోనో నడిపినవారి సలహా పాచిపెంట కొండల్లో నేరుగా పనికిరాకపోవడానికి కారణం ఇదే.

రెండో రకం బురద పల్లంలో ఉంటుంది. కొండల మధ్య గెడ్డల వెంబడి మెట్లు మెట్లుగా కట్టిన వరిమళ్ళలో శతాబ్దాలుగా కొట్టుకొచ్చిన మెత్తటి ఒండ్రు పేరుకుంటుంది. దానికి అడుగు దొరకదు. వాగు పక్కన పచ్చగా, చదునుగా కనిపించే జాగా గుడారం వేయడానికి ముచ్చటగా ఉంటుంది గానీ మూడు టన్నుల వ్యాన్‌కు అది చాలాసార్లు ఉచ్చు. మూడో రకం మనుషులు చేసినది. ట్రాక్టర్లు, కలప బండ్లు తిరిగి తిరిగి చిలికిన గాడి అది. దాని లోతు కంటే వ్యాన్ అడుగుభాగం ఎత్తు తక్కువైతే ఎంత మంచి టైరైనా ఏమీ చేయలేదు. బండి పొట్ట మీద కూర్చుంటుంది, చక్రాలు గాలిలో తిరుగుతాయి.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు. అక్టోబరు తుపానుల నెల. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ, 2021 సెప్టెంబరు 26న గులాబ్ ఉత్తరాంధ్ర తీరాన్ని తాకాయి. అరకు, లంబసింగి చూడ్డానికి జనం కదిలేది సరిగ్గా ఆ తుపానుల వెనకే. డిసెంబరు, జనవరిలో వాన లేకపోయినా, తెల్లవారుజామున మంచుకు తడిసిన ఎర్రమట్టి వాలు తొమ్మిది గంటల దాకా జారుతూనే ఉంటుంది. ఈ సంగతి తెలియక సూర్యోదయం చూడాలని చీకట్లో బండి ఎక్కించేవారే ఎక్కువగా చిక్కుకుంటారు.

పట్టు ఎక్కణ్ణుంచి వస్తుంది

తారు మీద పట్టు రబ్బరుది. బురదలో పట్టు మట్టిది. రబ్బరు దిమ్మెల మధ్య గాడిలోకి మట్టి దూరి ఇరుక్కుంటుంది, చక్రం ఆ మట్టి ముద్దను వెనక్కు నెడుతుంది. ఆ ముద్ద కింది మట్టి నుంచి తెగిపోకుండా ఎంత బలం తట్టుకుంటుందో అంతే బలంతో బండి ముందుకు కదులుతుంది. పోలెండు మూలాలున్న ఇంజనీరు ఎం.జి. బెక్కర్ 1956లో వెలువరించిన ‘థియరీ ఆఫ్ ల్యాండ్ లోకోమోషన్’ ఈ శాస్త్రానికి పునాది గ్రంథం. చంద్రుడి మీద తిరిగిన రోవర్ రూపకల్పనలోనూ ఆయన పాలుపంచుకున్నారు.

మట్టి తట్టుకునే బలానికి రెండు మూలాలున్నాయి. ఒకటి రేణువుల మధ్య రాపిడి. ఇది పైనున్న బరువుతో పెరుగుతుంది. ఇసుక, గ్రావెల్ ఇలాంటివి. రెండోది బంక. ఇది బరువుతో పెరగదు, చక్రం నేలను తాకే వైశాల్యంతో పెరుగుతుంది. నీళ్ళతో నిండిన బంకమట్టి ఇలాంటిది. సాలూరు కొండవాలులో పై పొర బంక, అడుగు గ్రావెల్. పై పొరను చీల్చి అడుగును చేరగలిగితే బండి బరువు మనకు సాయం చేస్తుంది. వరి పల్లంలో చేరడానికి అడుగే లేదు కాబట్టి వైశాల్యమే దిక్కు. ‘వెడల్పు టైరు మంచిదా, సన్నది మంచిదా’ అన్న పాత వాదానికి జవాబు ఇక్కడుంది. రెండు వర్గాలూ నిజమే చెబుతున్నాయి, వేర్వేరు నేలల గురించి.

గాళ్ళు మట్టితో నిండిపోయి ఖాళీ కాకపోతే టైరు చుట్టూ చలిమిడి ముద్దలా పట్టేసి, కొత్త టైరు కూడా గుండు టైరులాగే జారుతుంది. అందుకే బురద టైరులో గాడి లోతు కంటే అది తనను తాను శుభ్రం చేసుకునే గుణం ముఖ్యం. గాడి అడుగున సన్నగా, పైకి వచ్చేకొద్దీ వెడల్పుగా ఉండాలి. దిమ్మెల మధ్య చిన్న గుబ్బలు ఉంటే అవి రాళ్ళను, మట్టిని బయటికి నెడతాయి. గాళ్ళు టైరు అంచు దాకా తెరుచుకుని ఉండాలి, మట్టి పక్కకు పోవడానికి దారి దొరకాలి. దుకాణంలో టైరును చేత్తో తడిమి ఈ మూడూ చూసుకోవచ్చు. బ్రాండు పేరు కంటే ఇవి ఎక్కువ చెబుతాయి.

టైరు రకాలు

తారు రోడ్డుకు చేసిన హెచ్/టీ టైరు దిమ్మెలు దగ్గరగా, గాళ్ళు సన్నగా ఉంటాయి. కొత్తప్పుడు గాడి లోతు సుమారు 8 మిల్లీమీటర్లు. వ్యాన్‌లు కంపెనీ నుంచి వచ్చేది సాధారణంగా ఈ రకంతోనే. తడి తారు మీద ఇదే ఉత్తమం, ఎర్ర జారుడు పొర మీద మొదటి నాలుగు చుట్లకే నిండిపోతుంది.

అన్ని నేలలకూ పనికొచ్చేలా చేసిన ఏ/టీ టైరులో గాళ్ళు 10 నుంచి 12 మిల్లీమీటర్ల దాకా ఉంటాయి. దిమ్మెలు విడివిడిగా ఉంటూనే మధ్యలో తారు మీద నిలకడనిచ్చే రబ్బరు కొనసాగుతుంది. తేలికపాటి ట్రక్కులకు రేడియల్ రూపంలో ఈ రకాన్ని బీఎఫ్‌గుడ్‌రిచ్ 1976లో మార్కెట్లోకి తెచ్చింది. ఇప్పుడు భారతీయ కంపెనీలు కూడా చేస్తున్నాయి.

బురదకే ప్రత్యేకించిన ఎం/టీ టైరులో ఉపరితలంలో దాదాపు సగం ఖాళీయే. దిమ్మెలు పెద్దవి, గాడి 13 మిల్లీమీటర్లు దాటుతుంది, సైడ్‌వాల్ మీదికి కూడా పళ్ళు దిగుతాయి. చూడ్డానికి గంభీరంగా ఉంటుంది. దీని మీద మోజు పడి వ్యాన్‌కు వేయించుకునేవారు కొన్ని సంగతులు గమనించాలి. తారు మీద హోరు పెడుతుంది, బరువెక్కువ, డీజిలు ఎక్కువ తాగుతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా తడి తారు మీద బ్రేకు వేస్తే ఆగే దూరం పెరుగుతుంది.

అడుగు లేని బురదకు అసలైన జవాబు రైతు దగ్గరుంది. వరిమడిలో దమ్ము చేసే ట్రాక్టరుకు ఇనప చక్రాలు బిగిస్తారు. లేదా మామూలు ట్రాక్టరు టైరుకు రెట్టింపు లోతు లగ్గులున్న వరి టైరు వేస్తారు. రహదారి వాహనం ఏదీ ఆ పనిలో వాటితో పోటీపడదు. పల్లంలో దిగబడ్డ వ్యాన్‌ను చివరికి లాగేది ట్రాక్టరే. విశాఖ దగ్గరి అచ్యుతాపురంలో యోకోహామా అనుబంధ సంస్థ ఏటీసీ 2022 ఆగస్టులో ప్రారంభించిన కర్మాగారం చేసేది ఇలాంటి పొలం, అడవి, గని వాహనాల టైర్లనే.

సైడ్‌వాల్ మీద కనిపించే ఎం+ఎస్ గుర్తును చూసి మోసపోవద్దు. ‘బురద, మంచు’ అని దాని అర్థమే గానీ అది తయారీదారు తనంత తాను వేసుకునే గుర్తు, దాని వెనక నిర్బంధ పరీక్ష ఏదీ లేదు. పరీక్ష ఉన్నది మూడు శిఖరాల కొండ బొమ్మకు. అదీ మంచు కోసం, బురద కోసం కాదు.

బరువే ముందు

క్యాంపర్ వ్యాన్‌కు టైరు చూడ్డంలో మొదటి ప్రశ్న నమూనా గురించి కాదు, మోత గురించి. టైరు మీద కొలత పక్కన ఉండే అంకె అది మోయగల బరువును సూచిస్తుంది. 100 అంటే 800 కిలోలు, 107 అంటే 975, 109 అంటే 1,030, 112 అంటే 1,120. వెనక ఇరుసు మీద 2,200 కిలోలు పడే బండికి ఒక్కొక్క చక్రం మీద 1,100 కిలోలు. అంటే 112కు తగ్గకూడదు. ఎస్‌యూవీల కోసం చేసిన అందమైన ఏ/టీ టైర్లు ఎన్నో వ్యాన్‌కు సరిపడే కొలతలోనే దొరుకుతాయి గానీ మోత అంకె దగ్గర ఆగిపోతాయి. వ్యాన్‌కు కావలసినది కొలతకు ‘సి’ లేదా ‘ఎల్‌టీ’ తగిలించిన, వాణిజ్య వాహనాల కోసం గట్టిపరిచిన టైరు. ఐరోపాలో క్యాంపర్‌ల కోసమే ‘సీపీ’ అనే తరగతి ఉంది. నిండు బరువుతో నెలల తరబడి నిలబడి ఉండే బండి అవసరాన్ని దృష్టిలో పెట్టుకుని చేసిన టైరది.

నిండు సామానుతో, నిండు ట్యాంకులతో, మనుషులతో సహా బండిని వేబ్రిడ్జి మీద ఒక్కో ఇరుసూ విడిగా తూయించడం మొదట చేయవలసిన పని. లారీల ఊరైన సాలూరులో వేబ్రిడ్జి వెతుక్కోవలసిన పని ఉండదు. నీళ్ళ ట్యాంకు వెనక ఉందా, ముందు ఉందా అన్నదాన్ని బట్టి ఇరుసుల బరువు వంద కిలోల పైన మారుతుంది. అంచనాతో టైరు కొనడం ఘాట్ రోడ్డులో ప్రాణాలతో ఆడుకోవడమే.

బరువున్న బండికి మందమైన సైడ్‌వాల్ ఇంకో కారణంతోనూ కావాలి. ఖోండలైట్ కుళ్ళగా మిగిలిన క్వార్ట్జ్ పలుకులు కత్తిలా కోస్తాయి. రోడ్డు వేయడానికి పోసిన కంకర ఇంకా పదును. ఇలాంటి నేల మీద సైడ్‌వాల్ చీలితే పంక్చరు అతుకుకు పనికిరాదు, టైరే మార్చాలి. స్టెప్నీ మిగతా నాలుగింటి కొలతలోనే ఉండాలి, అందులో గాలి ఉండాలి.

ఈ కొండలకు ఏది

పైదంతా కలిపి చూస్తే తీర్పు ఇలా ఉంటుంది. విశాఖ నుంచో విజయనగరం నుంచో బయల్దేరి తారు ఘాట్ ఎక్కి, చివర మట్టి దారిలో కాసేపు నడిచే వ్యాన్‌కు, కంపెనీ ఇచ్చిన వెడల్పుకు మించని, సరిపడా మోత అంకె ఉన్న, వాణిజ్య తరగతి ఏ/టీ టైరే తగినది. ఎం/టీ అక్కర్లేదు. వెడల్పు పెంచడం అసలే వద్దు. వెడల్పు టైరు ఈ ఎర్ర పొర మీద తేలిపోతుంది, అడుగున ఉన్న గ్రావెల్‌ను అందుకోదు. పైగా స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు చక్రాల గూటికి రాసుకుంటుంది, హెయిర్‌పిన్ మలుపుల ఘాట్‌లో అది ప్రతి మలుపులోనూ తగులుతుంది. బొలెరోకు కంపెనీ ఇచ్చే 215/75 ఆర్15 లాంటి మధ్యస్థ వెడల్పు టైరు ఈ మన్యంలో ఇన్నేళ్ళుగా పనిచేస్తోందంటే అందులో ఆశ్చర్యం లేదు.

ఎన్ని టైర్లు మార్చాలన్నది తర్వాతి మాట. మన దేశంలో క్యాంపర్‌గా మార్చే వాహనాల్లో ఫోర్స్ ట్రావెలర్‌ది వెనక చక్రాల నడక, టాటా వింగర్‌ది ముందు చక్రాల నడక. చడావులో బండి బరువు వెనక్కు వాలుతుంది. వెనక చక్రాలు నడిపే బండికి అది లాభం, ముందు చక్రాలు నడిపే బండికి నష్టం. వెనక వంటగట్టు, నీళ్ళ ట్యాంకు కట్టిన ముందు చక్రాల వ్యాన్ జారుడు చడావులో నిస్సహాయమవుతుంది, టైరు దాన్ని కొంతవరకే ఆదుకుంటుంది. అలాంటి బండిలో నీళ్ళ ట్యాంకును ముందువైపుకు మార్చడమే కొత్త టైరు కంటే ఎక్కువ పట్టునిస్తుంది. డబ్బు కలిసొస్తుందని నడిపే రెండు చక్రాలకే ఏ/టీ వేసి మిగతా రెండూ అరిగిన హెచ్/టీలుగా వదిలేస్తే, తడి మలుపులో ముందు, వెనక ఒక్కలా ప్రవర్తించవు. ముఖ్యంగా వెనక పట్టు తక్కువైతే బండి గింగిరాలు తిరుగుతుంది. నాలుగూ ఒక్కలాంటివే వేయాలి. నాలుగు చక్రాల నడక ఉన్న బండికైతే చుట్టుకొలతలో చిన్న తేడా కూడా గేర్లను దెబ్బతీస్తుంది.

గాలి

ఉన్న టైరుతోనే పట్టు పెంచే మార్గం గాలి తగ్గించడం. ఒక చక్రం మీద 700 కిలోలుండి, గాలి 50 పీఎస్‌ఐ, అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 3.5 కిలోలు ఉంటే, నేలను తాకే వైశాల్యం దాదాపు 200 చదరపు సెంటీమీటర్లు. 30 పీఎస్‌ఐకి దించితే 330 దాటుతుంది. ఈ పెరుగుదల ఎక్కువగా పొడవులోనే వస్తుంది, వెడల్పులో కొద్దిగానే. పొడవు పెరిగితే ఎక్కువ దిమ్మెలు ఒకేసారి నేలను పట్టుకుంటాయి. టైరు వంగినప్పుడు గాళ్ళు తెరుచుకుని మట్టి రాలిపోతుంది కూడా.

నిండు బరువున్న వ్యాన్‌కు మాత్రం ఇది జాగ్రత్తగా చేయవలసిన పని. తారు ఒత్తిడిలో మూడో వంతు తగ్గించడం సాధారణంగా సరిపోతుంది. అంతకు మించి దించితే మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడివచ్చే ప్రమాదం ఉంది. గాలి తగ్గించినంతసేపూ గంటకు ఇరవై కిలోమీటర్లు దాటకూడదు. తారెక్కగానే, మరో మాట లేకుండా, మళ్ళీ నింపాలి. తక్కువ గాలితో ఘాట్ దిగితే టైరు వేడెక్కి పేలుతుంది. బ్యాటరీతో నడిచే చిన్న కంప్రెసర్, నమ్మదగిన గాలి మీటరు లేని బండి గాలి తగ్గించకపోవడమే మంచిది.

నడపడం

మొదట దిగి, నడిచి చూడాలి. చెప్పు ఎంత దిగుతుందో, అడుగున గట్టి నేల తగులుతుందో లేదో కర్రతో పొడిచి చూస్తే చాలు, అది ఏ రకం బురదో తెలిసిపోతుంది. ఎర్ర పొర అయితే రెండో గేరులో, ఆగకుండా, వేగం పెంచకుండా వెళ్ళాలి. చక్రం ఉత్తినే తిరగడం మొదలైతే యాక్సిలరేటరు తొక్కడం చెడ్డ అలవాటు. తిరిగే చక్రం గుంట తవ్వుతుంది, బంకను ఇంకా నునుపు చేస్తుంది. కాలు తీసి, స్టీరింగును కొద్దికొద్దిగా అటూ ఇటూ ఆడిస్తే అంచు దిమ్మెలు గాడి గోడలను పట్టుకునే వీలుంటుంది. ఒకవైపు చక్రమే తిరుగుతుంటే, వెనక చక్రాల బండిలో హ్యాండ్‌బ్రేకు ఒక రవ్వ లాగితే రెండో చక్రానికీ కొంత బలం చేరుతుంది.

దిగేటప్పుడు ప్రమాదం ఇంకా ఎక్కువ. బ్రేకు తొక్కితే చక్రం బిగుసుకుని జారుడుబండే. ఎక్కడానికి ఏ గేరు కావాలో దిగడానికీ ఆ గేరే. లోయ వైపు వాలిన రోడ్డు మీద బండి పక్కకు జారడం మొదలైతే ఏ టైరూ ఆపలేదు కాబట్టి, అలాంటి చోట దిగడం మానుకోవడమే సరైన నిర్ణయం.

ఇరుక్కున్నప్పుడు ముందుగా చక్రం చుట్టూ మట్టిని పారతో తీసి, చక్రం ముందు వాలుగా తవ్వాలి. తర్వాత చదును రాళ్ళు, గోనె సంచులు, వెదురు బద్దలు పరచాలి. జాకీ కింద పెట్టడానికి ఒక మందమైన చెక్క పలక లేకపోతే బండి లేవడానికి బదులు జాకీయే మట్టిలోకి దిగుతుంది. దగ్గరి పల్లె నుంచి సాయం అడిగితే దొరుకుతుంది. వచ్చినవారు తమ పని మానుకుని వచ్చారని గుర్తుంచుకుని కూలి ఇవ్వాలి.

రాత్రి బస విషయంలో ఒక్క జాగ్రత్త ఎన్నో అవస్థలు తప్పిస్తుంది. సాయంత్రం గట్టిగా ఉన్న గడ్డి నేల రాత్రి వానకు తెల్లారేసరికి మెత్తబడుతుంది. అన్ని గంటలు ఒకేచోట నిలిచిన చక్రం తన గుంట తానే చేసుకుంటుంది. గ్రావెల్ మీదే ఆపాలి. బయటికి వెళ్ళే దారి దిగువగా ఉండేలా బండి ముఖం తిప్పి ఆపాలి. గెడ్డ ఒడ్డున అసలు ఆపకూడదు. పైన కొండ మీద పడిన వాన ఇక్కడ చుక్క కూడా పడకుండానే వరదగా దిగుతుంది.

అరుగుదల, వయసు, చట్టం

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం కార్లకూ వ్యాన్‌లకూ గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. గాడి అడుగున ఉండే చిన్న గట్లు ఆ హద్దును చూపిస్తాయి. ఆ హద్దు తారు మీద నీటిని దృష్టిలో ఉంచుకున్నది. బురదలో ఏ/టీ టైరు 5 మిల్లీమీటర్లకు రాగానే తన ప్రత్యేకత పోగొట్టుకుని హెచ్/టీ అయిపోతుంది. మన దేశంలో అమ్మే టైరుకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. వాణిజ్య వాహనాల టైర్లకు వర్తించే ప్రమాణం ఐఎస్ 15636. తడి రోడ్డు పట్టును కూడా కొలిచే ఏఐఎస్-142 ప్రమాణాన్ని 2022లో నోటిఫై చేశారు. బురద పట్టును కొలిచే ప్రమాణం ఏదీ అందులో లేదు కనుక ఆ విషయంలో నమూనాను స్వయంగా పరిశీలించడమే మార్గం.

లారీలకూ ఆర్టీసీ బస్సులకూ అరిగిన టైర్లను రీట్రెడ్ చేసి వెనక ఇరుసుకు వేయడం మామూలు. బాగా చేసిన రీట్రెడ్ నాసిరకం కాదు. కానీ క్యాంపర్ వ్యాన్ చిన్న టైరుకు, తక్కువ గాలితో వంగే పనికి అది తగదు. వంగి వేడెక్కిన చోట అతికిన పొర విడిపోతుంది.

చివరగా, క్యాంపర్ టైర్లు అరిగేలోపే ముసలివవుతాయి. బండి ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండలో నిలబడి ఉంటుంది, రబ్బరు గట్టిపడుతుంది, గాడి నిండుగా ఉన్నా పట్టు పోతుంది. సైడ్‌వాల్ మీది చివరి నాలుగు అంకెలు తయారైన వారాన్ని, సంవత్సరాన్ని చెబుతాయి. 2324 అంటే 2024లో 23వ వారం. ఆరేళ్ళు దాటిన టైరును ఏటా దుకాణంలో విప్పించి లోపలి వైపు కూడా చూపించాలి, పదేళ్ళు దాటితే చూడ్డానికి ఎంత కొత్తగా ఉన్నా తీసేయాలి. కొత్తది కొనేటప్పుడు కూడా ఈ నాలుగు అంకెలు చూశాకే డబ్బు ఇవ్వాలి. మట్టి దారి నుంచి బయటపడిన ప్రతిసారీ గాళ్ళలో ఇరుక్కున్న క్వార్ట్జ్ పలుకులను స్క్రూడ్రైవరుతో తీసి, జంట చక్రాల బండైతే రెండు టైర్ల మధ్య రాయి లేదని చూసుకుని, గాలి నింపి, అప్పుడు ఘాట్ దిగాలి.